సూర్యుణ్ణి కొలిచిన చర్చి: బొలోన్యా, ఫ్లోరెన్స్ ప్రయాణం

ఇటలీ వెళ్తున్నానంటే అందరూ వెనిస్ గురించి, పీసా గోపురం గురించి అడిగారు. నేను వెళ్ళింది మాత్రం ముఖ్యంగా బొలోన్యాకి, అక్కడ ఒక చర్చి నేల మీదున్న గీతను చూడటానికి. ఆ చర్చి పేరు సాన్ పెత్రోనియో. లోపల ఎడమవైపు నడవాలో 66.8 మీటర్ల పొడవున ఇత్తడి గీత ఉంటుంది, పైకప్పులో 27 మీటర్ల ఎత్తున చిన్న రంధ్రం ఉంటుంది. ఎండ ఉన్న రోజు మధ్యాహ్నం ఆ రంధ్రంలోంచి సూర్యబింబం నేల మీద పడి, సరిగ్గా సూర్యుడు నడినెత్తి రేఖ దాటే క్షణంలో ఆ గీతను దాటుతుంది. దీన్ని 1655లో వేయించినవాడు జొవాన్నీ దొమెనికో కస్సీని. తర్వాతి కాలంలో శని వలయాల మధ్య ఖాళీని కనిపెట్టినవాడు, నాసా వాళ్ళు శని గ్రహానికి పంపిన నౌకకు పేరు పెట్టుకున్నది ఈయనదే.

నన్ను అంత దూరం లాక్కెళ్ళింది ఆ సంవత్సరం. 1633 జూన్ 22న రోమ్‌లో గెలీలియోని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, భూమి తిరుగుతుందన్న మాట తప్పని చెప్పించారు. ఆ తర్వాత 22 ఏళ్ళకి, పోప్ ఏలుబడిలోనే ఉన్న బొలోన్యాలో, ఊరి అతి పెద్ద చర్చి కప్పుకి రంధ్రం పెట్టి, నేల తవ్వి, సూర్యుణ్ణి కొలవమని ఒక ముప్పై ఏళ్ళ ప్రొఫెసర్ చేతిలో పెట్టారు. స్కూల్లో మనకి గెలీలియో కథ చెప్పినప్పుడు ఈ రెండో సగం ఎవరూ చెప్పలేదు. ఒకే మతం, దాదాపు ఒకే తరం, ఈ రెండు పనులూ ఎలా చేసింది? పుస్తకాల్లో చదివినకొద్దీ ఆ చోటు స్వయంగా చూడాలనిపించింది.

మా పిన్ని కొడుకు బొలోన్యా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తున్నాడు. వాడు సెలవు పెట్టుకుని నాతో తిరిగాడు కాబట్టి భాష రాకపోయినా టెన్షన్ లేకుండా గడిచింది. సెప్టెంబరు చివరి వారం, ఎండ బాగానే ఉంది. బొలోన్యాలో ఎండ ఉన్నా వాన ఉన్నా నడవడానికి ఇబ్బంది లేదు, వీధులకి రెండు వైపులా స్తంభాల వరండాలు ఊరంతా కలుపుకుంటూ పోతాయి, కిలోమీటర్ల కొద్దీ. ఎర్ర ఇటుక గోడలు, పాత తలుపులు, కిందన కాఫీ కొట్లు. స్టేషన్ నుంచి నడుచుకుంటూనే పియాజ్జా మజ్జోరే అనే పెద్ద చౌకుకి చేరుకున్నాం.

ఆ చౌకు పక్కనే ఉన్న నెప్ట్యూన్ ఫౌంటెన్ దగ్గర చాలామంది ఫోటోలు దిగుతారు. నేను మాత్రం పాత పురపాలక భవనం, పలాజ్జో దక్కుర్సియో గుమ్మం పైన ఉన్న కంచు విగ్రహం ముందు చాలాసేపు నిలబడ్డాను. పెద్ద పీఠం మీద కూర్చుని చెయ్యి చాపిన పోప్, గ్రెగరీ 13. మనం రోజూ వాడే క్యాలెండరు ఈయన పేరు మీదే నడుస్తోంది. ఆయన పుట్టింది ఈ ఊళ్ళోనే. 1796లో ఫ్రెంచి సైన్యం వచ్చినప్పుడు పోప్ విగ్రహమని పగలగొడతారేమో అని భయపడి, ఊరివాళ్ళు దాని పేరు మార్చి, తమ ఊరి పాలక సాధువు పెత్రోనియో అని రాసి కాపాడుకున్నారు. దాదాపు వందేళ్ళు ఆయన అలా మారుపేరుతో కూర్చున్నాడు.

క్యాలెండరు సంగతి తెలియకుండా ఆ చర్చిలోకి వెళ్తే గీత ఎందుకో అర్థం కాదు. ఈస్టర్ పండగ మన పండగల్లాగే చంద్రుణ్ణి బట్టి మారుతుంది. వసంత విషువత్తు, అంటే వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, అయ్యాక వచ్చే పౌర్ణమి, దాని తర్వాత వచ్చే ఆదివారం ఈస్టర్. విషువత్తుని చర్చి మార్చి 21 అని ఖాయం చేసుకుంది. జూలియస్ సీజర్ కాలం నుంచి వాడుతున్న క్యాలెండరులో ఏడాదికి 365 రోజుల 6 గంటలు. నిజమైన సౌర సంవత్సరం అంతకన్నా 11 నిమిషాలు తక్కువ. 11 నిమిషాలే కదా అనుకుంటాం గానీ, 128 ఏళ్ళకి ఒక రోజు జరిగిపోతుంది. పదహారో శతాబ్దానికి విషువత్తు మార్చి 11కి వచ్చేసింది. అంటే క్రైస్తవ లోకమంతా తమ అన్నిటికన్నా పెద్ద పండగని కొన్నేళ్ళు తప్పు రోజున, ఒక్కోసారి నెల తేడాతో చేసుకుంటోంది. భక్తి ఉన్నవాడికి అది చిన్న విషయం కాదు. గ్రెగరీ 1582లో దాన్ని సరిచేశాడు, అక్టోబరు 4 తర్వాత రోజు అక్టోబరు 15 అయింది. ప్రొటెస్టెంట్ దేశాలు పోప్ చెప్పాడు కాబట్టే వద్దన్నాయి, ఇంగ్లండు 1752 దాకా ఒప్పుకోలేదు.

ఇది చదువుతుంటే మన ఇళ్ళలో జరిగేదే గుర్తొస్తుంది. పూర్వ సిద్ధాంతం పంచాంగం ఒక రోజంటుంది, దృక్ గణితం ఇంకో రోజంటుంది, పండగ ముందు వారం టీవీల్లో పండితుల చర్చ, ఇంట్లో అమ్మ ఫోన్ చేసి "ఇంతకీ ఎప్పుడే?" అని అడగడం. పండగ సరైన రోజున జరగాలన్న పట్టుదల మామూలు శక్తి కాదు. ఆ పట్టుదలకి డబ్బు, భవనం, లెక్క తెలిసిన మనిషి దొరికితే ఏమవుతుందో సాన్ పెత్రోనియోలో చూడవచ్చు.

చర్చి బయటి ముఖం సగమే పూర్తయింది, కింద భాగం పాలరాయి, పైన ఉత్త ఇటుక. 1390లో మొదలుపెట్టి వందల ఏళ్ళు కట్టారు. గుమ్మం దగ్గర బ్యాగులు చూసి పంపిస్తున్నారు. లోపలికి వెళ్ళగానే ముందు ఆ ఎత్తు మీద పడుతుంది చూపు, స్తంభాలన్నీ ఎర్రగా, చాలా వెలుతురు. ఎడమవైపు తిరిగితే గుమ్మం పక్కనుంచే గీత మొదలై, స్తంభాల వరసకి ఏటవాలుగా, రెండు స్తంభాల మధ్య సందులోంచి దూరిపోయి లోపలికి సాగుతుంది. ఇత్తడి పట్టీ, దానికి రెండు వైపులా తెల్లని పాలరాయి పలకలు, వాటి మీద అంకెలు, రాశుల గుర్తులు.

కస్సీని కంటే ముందే ఇక్కడ ఒక గీత ఉండేది. ఇన్యాజియో దాంతీ అనే దొమినికన్ సన్యాసి 1576లో గీశాడు. కానీ స్తంభాలు అడ్డం రావడం వల్ల అది సరైన ఉత్తర దక్షిణ రేఖ కాలేకపోయింది. తర్వాత చర్చిని పెంచడం కోసం ఒక గోడ తీసేసినప్పుడు అది పోయింది. దాని బదులు ఇంకా పెద్దది, సరైనది గీస్తానని కస్సీని చర్చి కట్టడం చూసే పెద్దల్ని అడిగాడు. స్తంభాల మధ్యనుంచి పోదని చాలామంది అన్నారు. ఆయన లెక్క వేసి, రంధ్రం ఎక్కడ పెడితే గీత స్తంభాన్ని తాకకుండా వెళ్తుందో పట్టుకున్నాడు. నేను ఆ సందు దగ్గర వంగి చూశాను, స్తంభం పీఠానికీ గీతకీ మధ్య ఉన్న చోటు చూస్తే ఆయన ధైర్యం అర్థమవుతుంది. 1655 జూన్‌లో, ఏడాదిలో సూర్యుడు అన్నిటికన్నా ఎత్తున ఉండే రోజుల్లో, ఊళ్ళో చదువుకున్నవాళ్ళందర్నీ వచ్చి చూడమని అచ్చు వేయించిన పిలుపు పంపి మరీ ఈ పని చేశాడు. గీత పొడవు భూమి చుట్టుకొలతలో ఆరు లక్షల వంతు ఉండేలా వేశాడు. రంధ్రం వెడల్పు దాని ఎత్తులో వెయ్యో వంతు, అంటే 27 మిల్లీమీటర్లు, మన బొటనవేలు పట్టేంత.

ఒంటిగంట కొట్టింది. బొలోన్యాలో గడియారాలు గంట ముందుకు తిప్పే వేసవి టైము ప్రకారం అసలు మధ్యాహ్నం ఆ వారంలో ఒంటిగంట దాటి ఆరు నిమిషాలకి అవుతుంది. గీతకి కొంచెం పడమరగా, నేల మీద, ఒక కోడిగుడ్డు ఆకారంలో పాలిపోయిన వెలుగు కనిపించింది. అడుగు దాటి వెడల్పు, అడుగున్నర దాటి పొడవు. మొదట కిటికీలోంచి పడిన ఎండ మచ్చ అనుకుని జనం తొక్కుకుంటూ పోతున్నారు. అంచులు గట్టిగా లేవు, కొద్దిగా అలుక్కుపోయినట్టుగా ఉన్నాయి. పలకల మధ్య అతుకు ఒకటి ఉంది, దాన్ని గుర్తు పెట్టుకుని చూస్తుంటే అంచు ఆ అతుకుని చేరుకుంది, దాటింది, అవతలి పలక మీదికి వెళ్ళింది. "అక్కా, కదులుతోంది చూడు, నిజంగా కదులుతోంది!" అని తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సెకనుకి దాదాపు మూడు మిల్లీమీటర్లు. గడియారం పెద్ద ముల్లు కదలడం కంటికి తెలియదు గానీ ఇది తెలుస్తుంది. వాడు అరచెయ్యి చాపి వెలుగులో పెట్టాడు. వాడి అరచేతి మీద పడ్డది సూర్యుడి బొమ్మ, ఆ సమయంలో సూర్యుడి మీద పెద్ద మచ్చ ఉంటే అదీ కనపడగలదు, ఎందుకంటే ఆ చర్చి మొత్తం ఒక పెద్ద సూదిబెజ్జం కెమెరా.

ముందు అంచు ఇత్తడిని తాకింది. ఒక నిమిషం గడిచేసరికి గీత బింబానికి సరిగ్గా మధ్యకొచ్చింది, అదే మధ్యాహ్నం. చుట్టూ పదిహేను ఇరవై మంది పోగయ్యారు, ఒక ముసలావిడ శిలువ గుర్తు వేసుకుంది, ఆమె పక్కన కుర్రాడు స్టాప్‌వాచ్ నొక్కాడు. ఇంకో నిమిషానికి వెనక అంచు కూడా దాటిపోయింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భూమి తిరగడాన్ని నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

ఆ బింబం పడిన చోటు తుల గుర్తు దగ్గర. గీత వెంట లోపలికి, అంటే రంధ్రం కిందికి, నడిస్తే కర్కాటకం, జూన్‌లో బింబం అక్కడ చిన్నగా, దాదాపు గుండ్రంగా పడుతుంది. గుమ్మం వైపు చిట్టచివర మకరం, డిసెంబరు 21, 22 తేదీల్లో బింబం అక్కడిదాకా వచ్చి మనిషంత పొడవు సాగుతుంది. మకరం గుర్తు మీద నిలబడి తమ్ముడు అడిగాడు, మరి మన సంక్రాంతి జనవరిలో ఎందుకని. వీళ్ళు రాశుల్ని విషువత్తు నుంచి కొలుస్తారు, మనం నక్షత్రాల నుంచి కొలుస్తాం. భూమి అక్షం బొంగరంలా నెమ్మదిగా తల తిప్పడం వల్ల ఆ రెండు లెక్కలూ విడిపోతూ వచ్చాయి, సుమారు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒక్కటే, ఇప్పుడు 24 డిగ్రీల తేడా. సూర్యుడు ఉత్తరానికి మళ్ళే అసలు రోజు డిసెంబరులోనే అయిపోతుంది. మన పూర్వీకులకి ఈ అయన చలనం బాగా తెలుసు, గ్రంథాల్లో రాశారు. ఈ గీత ముందు నిలబడితే మాత్రం దాన్ని పాదంతో తొక్కి చూడవచ్చు.

కస్సీని ఈ గీతతో చేసింది క్యాలెండరు సరిచూడటం ఒక్కటే అయితే నేను ఇంత రాయను. అంతకన్నా పెద్ద పని ఇంకొకటి చేశాడు. సూర్యుడు ఆకాశంలో ఏడాదంతా ఒకే వేగంతో కదిలినట్టు కనిపించడు, జనవరిలో కాస్త వేగం, జూలైలో కాస్త నెమ్మది. ప్రాచీన గ్రీకు ఖగోళ పండితుడు టోలమీ నాటి లెక్క ఏం చెప్పేదంటే, వేగం నిజానికి ఎప్పుడూ ఒకటే, మనం వృత్తానికి సరిగ్గా నడిమధ్యలో లేము కాబట్టి దగ్గరకొచ్చినప్పుడు వేగంగా కనిపిస్తుందని. జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ మాత్రం ఆ తేడాలో సగమే దూరం వల్ల, మిగతా సగం వేగం నిజంగా మారడం వల్ల అన్నాడు. ఎవరిది నిజమో తేలాలంటే బింబం సైజు కొలవాలి. పాత లెక్క నిజమైతే జనవరి సూర్యుడు జూలై సూర్యుడి కంటే దాదాపు 7 శాతం పెద్దగా కనపడాలి, కెప్లర్ మాట నిజమైతే దాదాపు 3 శాతమే. అప్పటి టెలిస్కోపులతో ఇంత సన్నని తేడా నమ్మకంగా కొలవడం కష్టం. 27 మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడిన బొమ్మని, ఏటవాలు వల్ల వచ్చే సాగుడు లెక్క తీసేసి, కొలబద్దతో కొలవచ్చు. కస్సీని కొలిచాడు. కెప్లర్ గెలిచాడు.

కెప్లర్ ప్రొటెస్టెంట్, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ వాదం పట్టినవాడు, ఆయన పుస్తకం రోమ్ నిషేధించిన జాబితాలో ఉంది. ఆయన మాటకి సాక్ష్యం చెప్పింది ఒక కాథలిక్ చర్చి నేల. దీంతో భూమి తిరుగుతోందని రుజువు కాలేదు, సూర్యుడు తిరిగినా భూమి తిరిగినా ఈ కొలత ఒకటే వస్తుంది. కస్సీని కూడా ఆ గొడవలోకి దిగలేదు. దిగకపోవడం వల్లే ఆ పని సాగిందని నేననుకుంటాను. ఏది కొలిచినా కొలవొచ్చు, ఏది లెక్కేసినా వెయ్యొచ్చు, "ఇదే సత్యం, బైబిల్ని ఇలా చదవాలి" అని మాత్రం అనకూడదు. ఆ షరతు కింద బతికిన శాస్త్రం అది. అది స్వేచ్ఛ అని నేను అనను. కానీ చీకటి యుగం అని ఒక్క మాటలో కొట్టిపారేయడానికీ నాకు మనసు రావడం లేదు, ఆ ఇత్తడి పట్టీని చూశాక అసలు రావడం లేదు.

చర్చి వెనకే ఆర్కిజిన్నాజియో, 1563 నాటి యూనివర్సిటీ భవనం. గోడలూ కప్పులూ అన్నీ విద్యార్థుల వంశ చిహ్నాలతో నిండిపోయి ఉన్నాయి. యూనివర్సిటీ దానికన్నా చాలా పాతది, 1088లో మొదలైందని చెప్పుకుంటారు. కోపర్నికస్ 1496లో ఇక్కడికి చర్చి న్యాయశాస్త్రం చదవడానికొచ్చి, ఖగోళం చెప్పే దొమెనికో మరియా నొవారా దగ్గర చేరిపోయాడు. 1497 మార్చి 9 రాత్రి చంద్రుడు రోహిణి నక్షత్రాన్ని కప్పేయడం ఈ ఊళ్ళోంచే చూసి రాసుకున్నాడు, దాన్ని తన పుస్తకంలో వాడుకున్నాడు. ఆ నొవారా ఉద్యోగంలో ఇంకో భాగం ఉంది. ఏటా రాబోయే సంవత్సరానికి ఫలితాలు రాసి అచ్చు వేయించాలి, వానలు, రోగాలు, యుద్ధాలు, రాజుల యోగక్షేమాలు. అంటే యూనివర్సిటీ జీతం ఇచ్చి చేయించుకున్న పంచాంగ శ్రవణం. ఉగాది రోజు గుళ్ళో కూర్చుని ఆదాయం వ్యయం వినేవాళ్ళకి నొవారా పని వింతగా అనిపించదు. ఆ కాలంలో గ్రహాల లెక్క నేర్చుకోవడానికి ఎక్కువమందికి ఉన్న కారణం జాతకం, వైద్యం. గెలీలియో కూడా వైద్య విద్యార్థులకి ఆ లెక్కలు చెప్పినవాడే.

గెలీలియోకి ఈ ఊళ్ళో కలిసిరాలేదు. 1588లో ఇక్కడి లెక్కల ప్రొఫెసర్ పోస్టు కోసం ప్రయత్నించాడు, అది మజీనీ అనే ఆయనకి వెళ్ళింది. 1610 ఏప్రిల్‌లో, గురుగ్రహం చుట్టూ నాలుగు చంద్రుళ్ళున్నాయని పుస్తకం వేసిన నెల తర్వాత, టెలిస్కోపు పట్టుకుని ఇదే మజీనీ ఇంటికి వచ్చాడు. పెద్దలంతా చేరారు. ఒక్కొక్కరూ కన్ను పెట్టి చూశారు, నేల మీద వస్తువులు బ్రహ్మాండంగా కనిపించాయి గానీ గురుడి చంద్రుళ్ళు తమకు స్పష్టంగా కనపడలేదన్నారు. ఆ రాత్రుల్లో కూడా గెలీలియో వాటిని చూసి తన నోటు పుస్తకంలో గీసుకున్నాడు. ఆ ఇబ్బందికరమైన గొట్టంలో అలవాటు లేని కన్నుకి చుక్కలు దొరకడం నిజంగా కష్టం, అక్కడున్నవాళ్ళంతా మూర్ఖులని నేను అనుకోవడం లేదు. మరుసటి ఏడాది రోమ్‌లో జెసూట్ అనే కాథలిక్ సన్యాసి సంఘం పండితులే తమ టెలిస్కోపులతో చూసి అవి ఉన్నాయని ఒప్పుకున్నారు.

సాయంత్రం జంట గోపురాల దగ్గరికి నడిచాం. పొట్టి గోపురం గరిసెండా వాలు గురించి భయంతో 2023 నుంచి చుట్టూ కంచె వేసి పనులు చేస్తున్నారు, పొడుగుది అసినెల్లీ కూడా ఎక్కనివ్వడం లేదు. 97 మీటర్ల ఆ గోపురం మీద నుంచే రిచ్చోలీ అనే జెసూట్ పాదరీ 1640ల్లో బంతులు పడేసి టైము కొలిచాడు. టైము కొలవడానికి సెకన్ల గడియారం లేదు కాబట్టి లోలకం ఊపులు లెక్కపెట్టాలి, ఆ లోలకం సరిగ్గా సెకనుకి ఊగుతోందా అని తేల్చుకోవడానికి తోటి పాదరీలతో కలిసి 24 గంటలు ఊపులు లెక్కపెట్టాడు. చివరికి వచ్చిన ఫలితం, పడే వస్తువుల గురించి గెలీలియో చెప్పిన నియమం కరెక్టు. ఇదే రిచ్చోలీ 1651లో ఇదే ఊళ్ళో అచ్చయిన మహా గ్రంథంలో భూమి తిరగడానికి అనుకూలంగా 49 వాదాలూ వ్యతిరేకంగా 77 వాదాలూ రాసి, తిరగదని తేల్చాడు. కానీ అదే పుస్తకంలో చంద్రుడి పటం వేసి, అక్కడి గోతులకి పేర్లు పెడుతూ కోపర్నికస్‌కి, కెప్లర్‌కి, గెలీలియోకి చోటిచ్చాడు. మనుషులు దిగిన ప్రశాంత సాగరం పేరు కూడా ఆ పటంలోదే. నాకు ఈ మనిషంటే చాలా ఇష్టం. తన నిర్ణయం తప్పు, కొలత మాత్రం నిజాయితీ.

మర్నాడు ఫ్లోరెన్స్. బొలోన్యా నుంచి ఫాస్ట్ రైల్లో నలభై నిమిషాల లోపే, దారంతా సొరంగాలే. స్టేషన్ బయటికి రాగానే సాంతా మరియా నొవెల్లా చర్చి. ఆకుపచ్చ, తెలుపు పాలరాయి ముఖద్వారం మీద, కింది వరస తోరణాల దగ్గర, రెండు పరికరాలు బిగించి ఉంటాయి, ఒకవైపు పాలరాతి పలక మీద నీడ గీతలు, ఇంకోవైపు కంచు వలయాలు. ఇవి కూడా దాంతీవే, 1572, 1574 నాటివి. విషువత్తు ఎప్పుడొస్తోందో వీటితో చూసి, క్యాలెండరు పది రోజులకు పైగా తప్పిందని ఆయన కళ్ళారా రుజువు చేసుకున్నాడు. తర్వాత గ్రెగరీ ఆయన్ని రోమ్‌కి పిలిపించుకున్నాడు. ఇదే చర్చిలో, ఇదే దొమినికన్ శాఖకి చెందిన కచ్చీనీ అనే సన్యాసి 1614 డిసెంబరులో ప్రసంగ వేదికెక్కి, గెలీలియోనీ లెక్కల పండితులనీ దుమ్మెత్తి పోశాడు. గోడకి ఇటు కొలత, అటు ఆ ప్రసంగం. రెండేళ్ళు తిరక్కుండానే, 1616లో, కోపర్నికస్ పుస్తకాన్ని సవరించేదాకా చదవొద్దని ఆపేశారు. ఆ కోపర్నికస్ చర్చి ఉద్యోగి, ఆ పుస్తకాన్ని 1543లో అంకితం ఇచ్చింది ఒక పోప్‌కే. డెబ్బై ఏళ్ళు ఎవరూ పెద్దగా ఇబ్బంది పడలేదు.

ఆర్నో నది ఒడ్డున గెలీలియో మ్యూజియంలో ఆయన టెలిస్కోపులు రెండున్నాయి, సన్నని గొట్టాలు, ఒకదానికి తోలు, ఇంకోదానికి కాగితం చుట్టి ఉంది. పక్కనే దంతపు చట్రంలో పగిలిన కటకం, గురుడి చంద్రుళ్ళని చూసింది దాంతోనే. గాజు గుడ్డులో ఆయన వేలు కూడా ఉంది, సాధువుల అవశేషాలు దాచినట్టే దాచారు. జనం దాని చుట్టూ మూగారు. నేను కటకం దగ్గరే ఉండిపోయాను, పగులు ఒక అంచు నుంచి ఇంకో అంచుదాకా పోయింది, మధ్యలో గాజు కొద్దిగా పచ్చగా ఉంది.

సాంతా క్రోచే చర్చిలో ఆయన సమాధి మైకెలాంజెలో సమాధికి ఎదురుగా ఉంటుంది. చాలా ఘనంగా ఉంటుంది. కానీ 1642లో ఆయన పోయినప్పుడు ఇంత ఘనత ఇవ్వనివ్వలేదు. తీర్పు వల్ల ఇంటికే బందీ అయి, చూపు పోయి, ఆర్చెత్రీలో కన్ను మూసిన మనిషిని ఒక చిన్న గదిలో పాతిపెట్టారు, 1737 దాకా అక్కడే ఉన్నాడు. ఆయనకి ప్రాణమైన కూతురు, సన్యాసిని మరియా చెలెస్తే, తీర్పు తర్వాత ఏడాది తిరగకుండానే పోయింది. చర్చి ఖగోళ శాస్త్రానికి ఎంత చేసిందో బొలోన్యాలో చూసి వచ్చాక కూడా ఇక్కడ నాకు కోపమే వచ్చింది. ఆ గీతతో ఈ అన్యాయం చెల్లు కాదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, రెండూ నిజం, ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని దాచేవాళ్ళ మాట నేను ఇక వినను.

తిరిగి బొలోన్యా వచ్చి, వెళ్ళే ముందు జంబోనీ వీధిలో యూనివర్సిటీ వాళ్ళ స్పెకోలా, పాత నక్షత్రశాల గోపురం చూశాం. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో కట్టింది. ఇక్కడ నేను వెతుక్కున్న పేరు పోప్ బెనెడిక్ట్ 14, ఆయనదీ ఈ ఊరే. ఇక్కడి శాస్త్ర సంస్థకి డబ్బూ పరికరాలూ ఇచ్చాడు, లావురా బస్సీ అనే మహిళా ప్రొఫెసర్‌కి అండగా నిలబడ్డాడు. ఆయన కాలంలోనే, 1744లో, గెలీలియో నిషేధిత పుస్తకం షరతులతో మళ్ళీ అచ్చయింది, కొన్నేళ్ళకి భూమి తిరుగుతుందనే పుస్తకాల మీద మొత్తంగా ఉన్న నిషేధం జాబితాలోంచి పోయింది. గెలీలియో పుస్తకం పేరు మాత్రం 1835 దాకా అందులోనే ఉంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: సాన్ పెత్రోనియోలో గీత చూడటానికి అసలు మధ్యాహ్నానికి ఓ పావుగంట ముందే వెళ్ళి నిలబడండి. వేసవి టైము ఉన్న నెలల్లో అది సాధారణంగా ఒంటిగంట దాటాక, చలికాలంలో పన్నెండు దాటాక వస్తుంది, తేదీని బట్టి కొన్ని నిమిషాలు ముందూ వెనకా అవుతుంది, కాబట్టి ముందు రోజు లెక్క చూసుకోండి. మబ్బు పడితే ఏమీ కనపడదు, అందుకే బొలోన్యాకి ఒక్క రోజే కేటాయించొద్దు. భుజాలు కప్పుకునే బట్టలు వేసుకోండి, పూజ జరుగుతుంటే ఆగండి. వీలైతే డిసెంబరు చివర్లో వెళ్ళండి, బింబం గుమ్మం దగ్గరికొచ్చి అన్నిటికన్నా పెద్దగా పడేది అప్పుడే. మా తమ్ముడు ఈ డిసెంబరు 21న అక్కడ ఉంటానన్నాడు, కొలిచి నాకు అంకెలు పంపమన్నాను.